ఉత్తుత్తి ఆట, తూచ్ అనే హక్కు: కొండవీడు నుంచి అంగన్‌వాడీ దాకా

ఈరోజు మన కథ కొండవీడు దగ్గర మొదలవుతుంది. పల్నాడు జిల్లా, యడ్లపాడు మండలం. ఘాట్ రోడ్డు వేశాక గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట వైపు కుర్రాళ్లు ఆదివారం వచ్చిందంటే బైకులేసుకుని పైకెక్కేస్తున్నారు. బురుజు దగ్గర ఒక ఫొటో, చెరువు దగ్గర ఒక రీల్. మంచిదే, వెళ్లండి. కోట మీద వీడియో అంటే మామూలుగా రాజులు, యుద్ధాలు, నిధుల కథలు ఉంటాయి. మనం ఈరోజు వాటిని కాస్త పక్కన పెడదాం. నా ప్రశ్న ఒక్కటే. 600 ఏళ్ల కిందట ఈ కొండ కింద ఊళ్లో ఉన్న నాలుగేళ్ల పిల్ల ఏం ఆట ఆడుకునేది?

"అదేం ప్రశ్న బ్రో, ఆడుకునేది ఏదో ఒకటి" అంటారేమో. కానీ ఇప్పుడు ప్రీస్కూల్ టీచర్లు, పిల్లల డాక్టర్లు, సైకాలజిస్టులు అందరూ ఒక మాట చెబుతున్నారు కదా, మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలకి ఊహతో ఆడే ఆట చాలా అవసరం, వాళ్ల భావాలు, నలుగురితో మెలిగే తీరు అందులో పెరుగుతాయి అని. ఇదేదో విదేశాల నుంచి వచ్చిన కొత్త విషయం అని చాలామంది అనుకుంటారు. మన దగ్గర దీనికి పాత చరిత్ర ఉంది. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. రెండూ చూద్దాం.

ముందు ఒక మాట. ఇంగ్లిష్‌లో ప్రిటెండ్ ప్లే అంటారు. మనకి అంతకంటే మంచి మాట ఉంది. ఉత్తుత్తి ఆట. ఉత్తుత్తి అన్నం, ఉత్తుత్తి పెళ్లి, ఉత్తుత్తి ఇంజెక్షన్. దానితో పాటు ఇంకో మాట కూడా ఉంది, తూచ్. నచ్చకపోతే, భయమేస్తే, ఎవరన్నా మోసం చేస్తే "తూచ్, నేనాడను" అనేస్తాం. ఆట అక్కడితో రద్దు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఈ ఎపిసోడ్ అంతా వీటి మీదే నడుస్తుంది.

సరే, కొండవీడుకి వద్దాం.

రెడ్డిరాజుల రాజ్యం 1325లో ప్రోలయ వేమారెడ్డితో అద్దంకిలో మొదలైంది. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీడుకి మార్చాడు. 1424 దాకా ఇక్కడి నుంచి పాలన నడిచింది. దాదాపు వందేళ్ల కథ. శాసనాలు చాలానే ఉన్నాయి. ఏ గుడికి ఏ భూమి ఇచ్చారు, ఏ రాజుకి ఏ బిరుదు ఉంది, ఇవన్నీ వాటిలో దొరుకుతాయి. కానీ నాలుగేళ్ల పిల్ల ఆట గురించి ఎవరు రాయి చెక్కిస్తారు చెప్పండి? అందుకే మనం కవుల దగ్గరికి, నాటకాల దగ్గరికి వెళ్లాలి.

కొండవీడు రాజుల్లో కుమారగిరిరెడ్డి అని ఒకాయన ఉన్నాడు, 1386 నుంచి 1402 దాకా పాలించాడు. వసంతోత్సవాలంటే పిచ్చి. ఆయన బావమరిది, మంత్రి కాటయవేముడు. ఈయన కత్తితో పాటు కలం కూడా పట్టినవాడు. కాళిదాసు మూడు నాటకాలకీ సంస్కృతంలో వ్యాఖ్య రాసి, దానికి తన రాజు పేరే పెట్టాడు, కుమారగిరిరాజీయం అని. ఆ మూడు నాటకాల్లో ఒకటి అభిజ్ఞాన శాకుంతలం.

శాకుంతలం అనగానే ఉంగరం, చేప గుర్తొస్తాయి. కానీ చివరి అంకంలో ఒక చిన్న సీన్ ఉంది. శకుంతల కొడుకు, పసివాడు, ఆశ్రమంలో సింహం పిల్లని పట్టుకుని లాగుతుంటాడు. నోరు తెరువు, పళ్లు లెక్కపెడతా అంటాడు. అక్కడున్న తాపస స్త్రీలు వదలమంటే వదలడు. తల్లి సింహం మీద పడుతుందిరా అని భయపెట్టినా లెక్కచేయడు. అప్పుడు ఒకావిడ ఏం చేస్తుంది? కొట్టదు. రంగులేసిన మట్టి నెమలి బొమ్మ తెప్పించి ఇస్తుంది. ఈ పక్షి అందం చూడు నాయనా అంటుంది. సంస్కృతంలో పక్షిని శకుంతం అంటారు. ఆ మాట చెవిన పడగానే పిల్లాడు చుట్టూ చూసి, "మా అమ్మ ఏది?" అంటాడు. వాడికి పక్షి వినపడలేదు, అమ్మ పేరు వినపడింది.

ఎంత చిన్న సీన్, ఎంత పెద్ద విషయం! అంత మొండిగా ఉన్న పిల్లాడి మనసులో ఏముందో, బెదిరింపుతో బయటికి రానిది ఒక మట్టి బొమ్మ దగ్గర బయటికొచ్చింది. కాళిదాసు పిల్లల సైకాలజీ చదవలేదు. పిల్లల్ని చూశాడు, అంతే. ఆ నాటకం మీద కొండవీడు మంత్రి ఒకాయన కూర్చుని వ్యాఖ్య రాశాడు.

మరి మన తెలుగిళ్లలో? దీనికి పోతన దగ్గరికి వెళ్లాలి. పోతన కొండవీడు వాడు కాదు, ఓరుగల్లు వైపు బమ్మెర. అయితే కాలం దగ్గరదే, 15వ శతాబ్దం. ఆయన భాగవతంలో రుక్మిణి బాల్యాన్ని వర్ణిస్తూ ఆమె ఆటలు వరసగా చెబుతాడు. బొమ్మల పెళ్లిళ్లు చేస్తుంది, తోటి పిల్లలతో వియ్యం అందుకుంటుంది. గుజ్జనగూళ్లు వండించి స్నేహితులకి పెట్టిస్తుంది. పూల తీగెల్ని పెంచుతుంది. చిలకలకి, గోరువంకలకి చదువు చెబుతుంది.

పేరుకి విదర్భ రాకుమారి. ఆటలు మాత్రం అచ్చంగా తెలుగు వాకిట్లో ఆటలే. గుజ్జనగూళ్లు అంటే పిల్లలు ఆటకి వండుకునే కూడు. మన అమ్మమ్మల కాలంలో బువ్వలాట అన్నారు. ఇసుక అన్నం, ఆకుల కూర. ఏటికొప్పాక లాంటి చోట్ల చెక్కని తరిణి పట్టి, లక్క రంగులద్ది చేసే బుల్లి గిన్నెల సెట్టు, లక్కపిడతలు, ఇప్పటికీ దొరుకుతుంది. ఆ పిడతలు ఈ ఆట కోసమే.

ఇప్పుడు బొమ్మల పెళ్లి ఆటని కాస్త దగ్గరగా చూడండి. ఒక్కళ్లు ఆడలేరు. కనీసం ఇద్దరు కావాలి, ఒకరిది పిల్ల బొమ్మ, ఇంకొకరిది పిల్లాడి బొమ్మ. నా బొమ్మ నీకివ్వాలంటే నాకు బాధ. పెళ్లివారికి మర్యాదలు జరగలేదని నువ్వు అలగాలి. నేను బతిమాలాలి. నిజానికి నాకు నీ మీద కోపం లేదు, కానీ కోపం ఉన్నట్టు ఉండాలి. నీకు నిజంగా ఏడుపు రావట్లేదు, కానీ అప్పగింతల్లో ఏడవాలి. ఒక్కోసారి నిజంగానే వచ్చేస్తుంది కూడా! అంటే నాలుగేళ్ల పిల్ల ఒకే టైంలో రెండు మనసులు నడుపుతోంది. తనది ఒకటి, పాత్రది ఒకటి.

1933లో లెనిన్‌గ్రాడ్‌లో లెవ్ వైగాట్‌స్కీ అనే సైకాలజిస్టు పిల్లల ఆట మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడాదే, 37 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ ఉపన్యాసం రష్యన్‌లో అచ్చయ్యేసరికి 1966 అయింది. అందులో ఆయన సరిగ్గా ఈ మాటే చెబుతాడు. ఆటలో పేషెంట్ అయిన పిల్లాడు ఏడుస్తాడు, అదే టైంలో ఆడుతున్న పిల్లాడిగా ఆనందిస్తాడు. ఇంకో ఉదాహరణ కూడా ఇస్తాడు. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఏడేళ్లు, ఐదేళ్లు. "మనం అక్కాచెల్లెళ్ల ఆట ఆడుకుందామా" అనుకున్నారట. ఆల్రెడీ అక్కాచెల్లెళ్లే కదా! కానీ మామూలప్పుడు కొట్టుకునేవాళ్లు ఆటలో మాత్రం చేతులు పట్టుకుని, ఒకేలా బట్టలేసుకుని, ఒకేలా మాట్లాడతారు. ఎందుకంటే అక్క అంటే ఎలా ఉండాలో ఆటలోనే వాళ్లకి కనిపించింది. ఆట అంటే ఇష్టం వచ్చినట్టు ఉండటం అని మనం అనుకుంటాం. ఆయన దానికి రివర్స్‌లో చెప్పాడు. ఊహలో ఆడే ప్రతి ఆటలోనూ ఒక రూల్ దాగుంటుంది, ఆ రూల్ కోసం పిల్లలు తమ కోరికని తామే ఆపుకుంటారు అని.

దీన్ని ఆయన సంప్రదాయంలోనే పనిచేసిన జెడ్. వి. మనుయిలెంకో 1948లో ఒక ప్రయోగంలో పరీక్షించారు. చిన్నపిల్లల్ని "కదలకుండా నిలబడు" అని చెబితే కాసేపే నిలబడ్డారు. "నువ్వు కాపలా సిపాయివి" అని చెబితే చాలా ఎక్కువసేపు నిలబడగలిగారు. అదే పిల్లలు, అవే కాళ్లు. మారింది కథ ఒక్కటే. ఇది మీరే ట్రై చేయొచ్చు. మీ ఇంట్లో బుడ్డోడు క్యూలో నిలబడట్లేదా? కొండవీడు కోట గుమ్మం దగ్గర భటుడివిరా నువ్వు అని చెప్పి చూడండి.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు చెడు వైపు వద్దాం. ఇక్కడ మనం కొండవీడు వదిలి కాలంలో 400 ఏళ్లకు పైగా ముందుకి, విజయనగరం దాకా వెళ్లాలి. ఎందుకంటే బొమ్మల పెళ్లి ఆడుకునే వయసు పిల్లలకి నిజం పెళ్లి చేస్తే ఏమవుతుంది అన్నది, అంకెలతో సహా అక్కడ రికార్డ్ అయింది.

కన్యాశుల్కం నాటకం మీకు తెలుసు. గురజాడ అప్పారావు రాశారు. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఆ మొదటి ముద్రణకి గురజాడ ఇంగ్లిష్‌లో ముందుమాట రాశారు. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయించారని, మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు నమోదయ్యాయని అందులో చెబుతారు. వాటిలో 99 మంది ఆడపిల్లల వయసు ఐదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు. 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఏడాది.

ఇంకోసారి ఆలోచించండి. మూడు, నాలుగు, ఐదు. మనం ఈరోజు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అంటున్న వయసు. చేతిలో బొమ్మ పెళ్లికూతురు ఉండాల్సిన పిల్లే పెళ్లికూతురైంది. ఆ పీటల మీద కూర్చున్న పిల్లకి ఇది కూడా బొమ్మల పెళ్లి లాగే అనిపించి ఉండొచ్చు. బాజాలున్నాయి, పూలున్నాయి, మిఠాయి ఉంది. తేడా ఎక్కడంటే, ఈ ఆటలో తూచ్ లేదు. సాయంత్రం అయ్యాక బొమ్మల్ని పెట్టెలో పెట్టేసి ఇంటికెళ్లిపోవడం లేదు. వరుడు ముసలాడైతే, పోతే, ఆ పిల్ల జీవితాంతం విధవ.

అందుకే ఆ నాటకంలో గురజాడ వేసిన ఎత్తు నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చి పెళ్లి చేయబోతుంటే, మేనమామ కరటకశాస్త్రి ఏం చేస్తాడు? తన శిష్యుణ్ని, ఒక మగపిల్లాణ్ని, ఆడపిల్ల వేషం వేయించి తీసుకెళ్లి లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. అంటే నిజం పెళ్లిని ఆపడానికి ఉత్తుత్తి పెళ్లి! పిల్లలకి లేకుండా చేసిన తూచ్‌ని ఆ నాటకం తిరిగి తెచ్చి ఇచ్చింది అనుకోవచ్చు.

చట్టం తర్వాత వచ్చింది. 1929లో శారదా చట్టం చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18. ఇప్పుడు 18, 21. అయినా కథ పూర్తిగా అయిపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న మహిళల్లో దాదాపు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. ఇది పాతకాలం ముచ్చట కాదు, మీతో టెన్త్ చదివిన అమ్మాయిల సంగతి.

ఇందులోంచి మనకో విషయం తెలుస్తుంది. ఆట పిల్లల్ని ముందు జీవితానికి సిద్ధం చేస్తుంది అంటాం. నిజమే. కానీ దేనికి సిద్ధం చేస్తోంది అని కూడా అడగాలి. ఆడపిల్లకి లక్కపిడతలు, మగపిల్లాడికి కత్తి, డాలు అని మనం పంచిపెట్టేస్తే, అప్పుడది ఆట కాదు, ముందుగా రాసిపెట్టిన డ్యూటీ చార్ట్. ఉత్తుత్తి ఆటలో ఉన్న గొప్పతనమే ఎవరైనా ఎవరైనా కావొచ్చు అన్నది. అబ్బాయి వంట చేయొచ్చు, అమ్మాయి సైన్యం నడపొచ్చు. పల్నాడులో ఇది చెప్పడానికి మొహమాటం ఎందుకు? గురజాల రాజ్యంలో మంత్రాంగం నడిపింది నాగమ్మే కదా.

పల్నాడు పేరు వచ్చింది కాబట్టి, ఇప్పుడు ఆ యుద్ధం దగ్గరికి వెళ్దాం. దీనికీ కొండవీడుతో లింకు ఉంది. 1402 నుంచి 1420 దాకా కొండవీడు ఏలిన పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. పల్నాటి వీరచరిత్ర ఆయన పేరు మీదే ఉంది. 12వ శతాబ్దం నాటి గురజాల, మాచర్ల దాయాదుల పోరు అందులో కథ.

ఆ కథని ఆటల వైపు నుంచి చూడండి. గొడవ ముదిరింది ఎక్కడ? కోడిపందెంలో. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలని పందెం. మాచర్ల వాళ్లు ఓడిపోయారు, వలస పోయారు. పుంజుల ఆట మీద జనం బతుకులు పెట్టారు. ఆ తర్వాత బాలచంద్రుడు. తల్లి ఐతమ్మ కొడుకుని యుద్ధానికి దూరంగా ఉంచాలని చూసింది. అతను స్నేహితులతో బొంగరాలాడుకుంటుంటే ఆ బొంగరం తగిలి ఒకావిడకి గాయమవుతుంది. ఇంత మగాడివైతే యుద్ధానికి పోరాదా అన్నట్టు ఆవిడ దెప్పుతుంది. అక్కడితో ఆట ఆగిపోయింది. బొంగరం వదిలి కార్యమపూడి రణభూమికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. బాలచంద్రుడు ప్రీస్కూల్ పిల్లాడు కాదు, పెళ్లయిన కుర్రాడు. కానీ ఆటలో ఉన్నవాణ్ని లాగి తూచ్ లేని చోటికి పంపడం అన్నది మాత్రం మళ్లీ అదే కథ.

ఇప్పుడు కారంపూడి అంటున్నాం కదా, అక్కడ ప్రతి ఏడాది కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో ఘట్టం. ఆయుధాలకి పూజలు చేస్తారు, కథని మళ్లీ నడిపిస్తారు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడనే దానికి గుర్తుగా. ఒక్కసారి ఆలోచిస్తే, ఇది పెద్దవాళ్లు కలిసి చేసే ఉత్తుత్తి. 800 ఏళ్ల కిందటి దుఃఖాన్ని ఊరంతా ఏడాదికోసారి బయటికి తీసి, నడిపించి, కలిసి అన్నం తిని, మళ్లీ లోపల పెట్టుకుంటారు. పెద్దవాళ్లకే అది అవసరమైతే, నాలుగేళ్ల పిల్లకి ఎందుకు అవసరం ఉండదు?

ఇక్కడే అసలు విషయం. పిల్లలు భయాన్ని కూడా ఆడతారు. అది చూసి మనం కంగారు పడతాం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఆనా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు అక్కడ పిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపారు. 1943లో తమ అనుభవాల్ని పుస్తకంగా తెచ్చారు. అందులో నాలుగేళ్ల బాబు ఒకడు. వాళ్ల నాన్న వైమానిక దాడిలో చనిపోయాడు. వాడు ఆ సంగతి ఒప్పుకోడు. కాగితాలతో ఇళ్లు చేసి వాటి మీద బాంబులు వేసే ఆట ఆడేవాడు. కానీ ఆ ఆటలో మనుషులంతా బతికి బయటపడతారు. మళ్లీ ఇల్లు, మళ్లీ బాంబు, మళ్లీ అందరూ సేఫ్. ఎన్నిసార్లో. కొన్ని నెలలకి, నాన్నకి నిజంగా ఏం జరిగిందో వాడు తన నోటితో చెప్పగలిగాడు. అప్పుడు ఆ ఆట ఆగింది.

ఈ కథ మనకి దూరం కాదు. 2024 మే ఎన్నికలప్పుడు పల్నాడులో ఏం జరిగిందో అందరం చూశాం. గొడవలు, రాళ్లు, 144 సెక్షన్. ఏ పార్టీ సంగతీ నేను మాట్లాడట్లేదు. ఆ రోజుల్లో తలుపులేసుకున్న ఇళ్లలో మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు కూడా ఉన్నారు, అంతే. ఆ తర్వాత ఒక పిల్లాడు కర్ర పట్టుకుని రాళ్ల ఆట ఆడితే, "ఛీ, ఏం ఆటరా అది" అని ఒక్కటి పీకడం సులువు. కానీ ఆ ఆటలోకి మెల్లగా వెళ్లి "నేను అంబులెన్సు డ్రైవర్‌ని, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అంటే కథ మలుపు తిరుగుతుంది. పిల్లాడే చెబుతాడు ఎవరికి తగిలిందో, ఎవరు భయపడ్డారో. ఒకే ఆట అదేపనిగా ఆడుతూ, నిద్రపోకుండా, తినకుండా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి. అది వేరే సంగతి.

సరే, బళ్ల చరిత్ర కూడా రెండు నిమిషాల్లో చూద్దాం. 1920లో గుజరాత్ భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం పెట్టారు. కొట్టడం లేదు, కథలు, నాటకాలు, పాటలు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చారు, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆవిడకి ఊహల ఆట మీద పెద్ద మక్కువ లేదు. పిల్లలకి ఉత్తుత్తి వంట కంటే నిజంగా నీళ్లు పోయడం, ఊడవడం, కూరగాయలు కోయడం ఇష్టం అని ఆవిడ వాదన. ఇందులోనూ నిజం ఉంది, చపాతీ పిండి ముద్ద ఇస్తే ఏ పిల్లైనా బొమ్మ గిన్నెలు పక్కన పడేస్తుంది! మన తెలుగు వైపు రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసు రేడియోలో పిల్లల చేతే నాటకాలు వేయించారు. మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీ అనే ఊరిలో పనిమొదలుపెట్టి, బడికి రాని పేద పిల్లల వాకిట్లోకే బడిని తీసుకెళ్లారు. అంగన్‌వాడీ అనే ఆలోచన అక్కడిది. అంగన్ అంటే వాకిలి. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ పథకం మొదలై ఆ పేరు దేశమంతా పాకింది. 2022 అక్టోబర్‌లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ పాఠ్య ప్రణాళిక, మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల చదువుకి ఆటే కేంద్రం అని రాసింది.

కాగితం మీద అంతా బాగుంది. కానీ మన ఊళ్లల్లో ఎల్‌కేజీ పిల్ల బ్యాగు తూకం చూడండి. "మా పాపకి వంద దాకా అంకెలొచ్చు" అంటే గొప్ప. "మా పాప ఈరోజు ఏడుస్తున్న పిల్లకి తన బొమ్మ ఇచ్చింది" అని ఎంతమంది చెప్పుకుంటున్నారు? ఆట ఆడించే అంగన్‌వాడీ టీచర్‌ని "ఏం చదువు చెప్పట్లేదు" అని అడిగేది కూడా మనమే.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఊహల ఆట ఆడితే పిల్లలు తెలివైనవాళ్లు అయిపోతారు అని ఇన్‌స్టాలో చాలా వీడియోలు ఉంటాయి. 2013లో ఆంజెలిన్ లిల్లార్డ్, ఆమె సహచరులు అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి ఒక పెద్ద సమీక్ష రాశారు. ఈ ఆట వల్లే ఆ ఎదుగుదల వచ్చిందని చెప్పడానికి గట్టి రుజువులు తక్కువ అని తేల్చారు. బాగా ఆడే పిల్లలు బాగా మెలుగుతున్నారు, నిజమే. కానీ దేని వల్ల ఏది అన్నది తేలలేదు. పక్కన కూర్చుని పట్టించుకున్న పెద్దమనిషి వల్ల కూడా కావొచ్చు. కాబట్టి ఇది మ్యాజిక్ టానిక్ అని నేను చెప్పను. నేను చెప్పేది చిన్న మాట. నాలుగేళ్ల పిల్లకి "నాకు భయంగా ఉంది, ఒంటరిగా ఉంది" అని చెప్పడానికి మాటలు చాలవు. బొమ్మకి భయంగా ఉందని మాత్రం చెప్పగలదు. అది వినడానికి ఎవరో ఒకరు ఉండాలి.

ఆ ఎవరో ఒకరు మీరే కావొచ్చు. ఈ ఛానల్ చూసేవాళ్లలో చాలామంది ఇంట్లో ఒక మేనల్లుడో, అక్క కూతురో ఉంటారు. మీరు వాళ్లకి బాబాయ్, పిన్ని, మావయ్య, అత్త. రోజుకి ఒక పావుగంట చాలు. నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, పాత్ర వాళ్లని ఇవ్వనివ్వండి. "నువ్వు కుక్కపిల్లవి" అంటే కుక్కపిల్లే. మీరు డైరెక్టర్ కాదు.

రెండు, తప్పులు దిద్దకండి. ఇడ్లీ నీలం రంగులో ఉంటే ఉండనివ్వండి. "ఈ బొమ్మ ఎందుకు ఏడుస్తోంది?" అని అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.

మూడు, ఖరీదైన బొమ్మలు అక్కర్లేదు. అట్టపెట్టె, పాత చున్నీ, రెండు గిన్నెలు. ఆడపిల్ల, మగపిల్లాడు అని సామాను వేరు చేయకండి.

నాలుగు, ఇది మనకే. ఫోన్ పక్కన పెట్టండి. రీల్ తీయడం మొదలుపెట్టగానే పిల్ల మీ వైపు చూస్తుంది, ఎలా చేస్తే మీరు నవ్వుతారో అలా చేస్తుంది. అక్కడ ఆట అయిపోయి షో మొదలవుతుంది. లోపలున్న భయమో, బెంగో షోలో బయటికి రాదు.

అన్నిటికంటే ముఖ్యం, పిల్ల "తూచ్" అంటే ఆపేయండి. ముద్దు పెట్టొద్దు అన్నా, చక్కిలిగింతలు వద్దు అన్నా, ఆట చాలు అన్నా వెంటనే ఆపండి. తన మాటతో ఒక పెద్దమనిషి ఆగాడు అన్నది ఆ పిల్లకి గుర్తుండిపోతుంది. రేపు పద్నాలుగేళ్లకి, పదహారేళ్లకి ఎవరన్నా తన జీవితం గురించి తనని అడక్కుండా నిర్ణయం తీసుకుంటుంటే, వద్దు అనడానికి ఆ జ్ఞాపకం కాస్తయినా పనికొస్తుంది. 1,034 పెళ్లిళ్ల ఆ లెక్కలో ఉన్న పిల్లలకి అది కూడా దక్కలేదు.

ఇదీ ఈరోజు ఎపిసోడ్. మీ ఊళ్లో ఈ ఆటని ఏమంటారు? బువ్వలాటా, బొమ్మరిల్లా, అన్నం కూరలాటా? ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో అడిగి, ఊరి పేరుతో సహా కామెంట్‌లో పెట్టండి. ఎన్ని పేర్లు వస్తాయో చూద్దాం, వచ్చినవన్నీ ఒక ఎపిసోడ్‌లో చదువుతాను. అప్పటిదాకా సెలవు, నమస్తే.